మేత మాన్పించి బేరమా?

పాడిగేదెకు మేత మాన్పించి, పాలు తగ్గాయని సంతకు తోలుకెళ్లే మనిషిని ఊళ్లో ఎవరూ రైతు అనరు. కొత్త వైద్య కళాశాలల విషయంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చేస్తున్నది అచ్చంగా ఆ పనే. ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల, పెనుకొండ, పాలకొల్లు, అమలాపురం, నర్సీపట్నం, బాపట్ల, పార్వతీపురం... ఈ పదింటినీ పీపీపీ (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యం) కింద ప్రైవేటు చేతుల్లో పెట్టాలని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం తీర్మానించింది. 'ప్రైవేటీకరణ కాదు, భాగస్వామ్యమే' అన్న పల్లవి అప్పటినుంచి ఆగలేదు. పేరు ఏం పెట్టుకున్నా, ఆసుపత్రి తాళంచెవి ఎవరి మొలకు వేలాడుతుందన్నదే రోగికి కావాల్సిన సంగతి.

సర్కారు వాదన తెలిసిందే. ఖజానాలో డబ్బు లేదు, సొంతంగా కట్టాలంటే ఏళ్లు పడుతుంది, ప్రైవేటువారైతే త్వరగా కడతారు, పేదలకు ఉచిత పడకలు ఒప్పందంలోనే రాయిస్తాం అంటున్నారు. డబ్బుల కటకట అబద్ధమని మేమూ అనడం లేదు. కానీ ఆర్థిక ఇబ్బందుల సాకుతో వైద్యం అందించే బాధ్యత నుంచి ప్రభుత్వం తప్పుకోజాలదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని పశ్చిమ బెంగాల్‌లో ఒక్కో సర్కారు ఆసుపత్రీ తిప్పి పంపిన కేసు అది. 'నడపడం మా వల్ల కాదు' అన్న మాట ఇప్పుడు వస్తున్నది నడవనివ్వని వారి నోటినుంచే. మా అభ్యంతరమంతా అక్కడే.

సర్కారు ఆసుపత్రి దానంతట అది ఎండిపోదు. దాన్ని ఎండబెట్టే పద్ధతి ఒకటుంది. మందుల సంగతే చూడండి. పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఫార్మసిస్టు నిల్వ చూసుకుని, కావాల్సిన మందులకు ఇండెంటు పెడతాడు. అది జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు చేరుతుంది. ఆ స్టోర్‌కు సరఫరా చేయాల్సిన కంపెనీలతో వైద్య మౌలిక వసతుల సంస్థ టెండరు ద్వారా రేటు ఖరారు చేసుకుంటుంది. సరుకు దిగాక బ్యాచ్‌కొక నమూనా ల్యాబ్‌కు వెళుతుంది. నాణ్యత తేలాకే మందు ఆసుపత్రులకు కదులుతుంది. ఇంతవరకూ పద్ధతి భేషుగ్గా ఉంది. బిల్లు దగ్గరే బండి దిగబడుతుంది. నెలల తరబడి చెల్లింపు లేకపోతే మొదట చిన్న కంపెనీలు తప్పుకుంటాయి. మిగిలినవి తమకు పడే వడ్డీని వచ్చే ఏడాది రేటులో కలుపుకొంటాయి. కొన్ని మందులకు ఒక్క టెండరూ రాదు. అప్పుడు సూపరింటెండెంటుకు 'స్థానికంగా కొనుక్కో' అని అనుమతి ఇస్తారు. అక్కడ రేటు ఎక్కువ, కొనేది తక్కువ, ఆ దుకాణదారుకూ అరువే. రెండు మూడు నెలల తర్వాత అతడూ చేతులెత్తేస్తాడు.

ఈ గొలుసు చివర మిగిలేది ఒక చీటీ. పాత ఓపీ కాగితం సగానికి చించి, వెనకవైపు రాసిచ్చేది: 20 నంబరు క్యాన్యులా, ఏడో నంబరు గ్లవ్స్ రెండు జతలు, యూరిన్ బ్యాగ్, సెఫ్‌ట్రియాక్సోన్ ఒక గ్రాము ఇంజెక్షన్లు ఆరు. రోగి తాలూకు మనిషి దాన్ని పట్టుకుని గేటు ఎదుటి మందుల షాపుకు పరుగెత్తాలి. ఆపరేషన్ ఉచితమే, డాక్టరు చేతికి తొడుక్కునే గ్లవ్స్ మాత్రం బయటివి. ఆ షాపువాడి గల్లాపెట్టె నిండిన రోజు ఆసుపత్రి స్టోరులో ఏముందో ఎవరూ అడగరు.

ఇది తప్పించలేని రోగమేమీ కాదు. పొరుగున తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు వేరే సంస్థ పెట్టింది. ప్రతి ఆసుపత్రికీ ఒక పాస్‌బుక్ ఇచ్చింది. ఏడాదికి ఇంత విలువ అని అందులో రాసి ఉంటుంది, తీసుకున్న మందు విలువ అందులోంచి తగ్గుతుంది. నమూనాలను తయారీదారు పేరు తెలియకుండా కోడ్ వేసి ల్యాబ్‌కు పంపింది. సరఫరాదారుకు డబ్బు ఎప్పుడొస్తుందో ముందే తెలిసింది కాబట్టి రేటు తగ్గించి టెండరు వేశాడు. ఆ పని చేసిందీ ప్రభుత్వమే. అక్కడ ఏ భాగస్వామినీ వెతకాల్సిన అవసరం రాలేదు.

సిబ్బందిని ఎండబెట్టే తీరు ఇంకా విడ్డూరం. 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రంలో రాత్రి రెండింటికి సిజేరియన్ జరగాలంటే గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం నిల్వచేసే ఫ్రిజ్ నాలుగూ ఒకేసారి ఉండాలి. గైనకాలజిస్టును ఒక ఉత్తర్వులో వేస్తారు. మత్తు డాక్టరు పోస్టు మరో జాబితాలో ఖాళీగా ఉంటుంది. కత్తి పట్టే మనిషి ఉండి మత్తిచ్చే మనిషి లేకపోతే ఆ ఆపరేషన్ థియేటర్ సామాన్ల గదే. పోనీ ఒక్కొక్కరు ఉన్నారనుకుందాం. ఒక్క మనిషి ఏడాది పొడవునా రోజుకు 24 గంటలూ డ్యూటీలో ఉండలేడు. సెలవు, జబ్బు, కోర్టు సాక్ష్యం, జిల్లా సమీక్ష అన్నీ ఉంటాయి. ఒక్కో విభాగానికి కనీసం ముగ్గురు లేకుండా రాత్రి కాన్పులు సాగవు. దేశం మొత్తం మీద సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతమని కేంద్రం ప్రచురించిన 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాలే చెప్పాయి. అందుకే కేస్ షీటు మీద 'హయ్యర్ సెంటర్‌కు రిఫర్డ్' అని రాసి 108 ఎక్కిస్తారు. నెలాఖరున లెక్క తీసి, ఈ కేంద్రంలో కాన్పులే కావడం లేదు, జీతాలు దండగ అంటారు.

యంత్రాలదీ అదే కథ. సీటీ స్కానర్ ప్రారంభానికి మంత్రి వస్తారు, రిబ్బన్ కత్తిరిస్తారు. వారంటీ ముగిశాక నిర్వహణ ఒప్పందం పొడిగించడానికి మాత్రం ఎవరూ రారు. యూపీఎస్ బ్యాటరీలు పోతాయి, గదిలో ఏసీ ఆగుతుంది, ట్యూబ్ వేడెక్కుతుంది, యంత్రానికి తాళం పడుతుంది. ఎదురుగా స్కానింగ్ సెంటర్ దీపాలు వెలుగుతూనే ఉంటాయి. వైద్య పరికరాల నిర్వహణకు కేంద్రం 2015లోనే పథకం పెట్టింది. జిల్లా ఆసుపత్రిలో యంత్రాలు 95 శాతం సమయం, పీహెచ్‌సీల్లో 80 శాతం సమయం పనిచేసే స్థితిలో ఉండాలని లక్ష్యం రాసుకుంది. ఆ పని అప్పగించిందీ ప్రైవేటు ఏజెన్సీలకే. ఫిర్యాదు నమోదు చేసి, గడువు చూసి, కోత వేసి, మిగిలింది సకాలంలో చెల్లించే మనిషి ప్రభుత్వంలో లేనప్పుడు ఆ 95 శాతాన్ని లెక్కగట్టేది ఎవరు? ఒక స్కానర్‌ను కాపలా కాయలేని వ్యవస్థ రేపు ఒక కళాశాలను, దాని వందలాది పడకలను ఒప్పందం కాగితం పట్టుకుని కాపలా కాస్తుందట!

ఇక్కడే అసలు కిటుకు ఉంది. స్థలం, భవనం గురించి అందరూ మాట్లాడుతున్నారు. ప్రైవేటువారికి నిజంగా దొరకనిది రోగి. జాతీయ వైద్య కమిషన్ 2023 ప్రమాణాల ప్రకారం 100 సీట్ల కళాశాలకు 420 పడకలు, 150 సీట్లకు 605 పడకలు కావాలి. ఉండడమే చాలదు, 80 శాతం నిండాలి. చేతిలో డబ్బున్నవాడు విద్యార్థులు చుట్టూ మూగే వార్డులో పడుకోడానికి రాడు. తనిఖీ రోజున మంచాల మీద మనుషులను చూపించడానికి కొన్ని ప్రైవేటు కళాశాలలు పడే పాట్లు ఈ రంగంలో ఉన్నవారెవరికీ కొత్త కాదు. తనిఖీల చుట్టూ లంచాల వ్యవహారంపై 2025లో సీబీఐ కేసు పెట్టిందంటే ఆ పాట్లు ఎంతదూరం వెళ్లాయో ఊహించుకోవచ్చు. దశాబ్దాలుగా జిల్లా ఆసుపత్రినీ, ఏరియా ఆసుపత్రినీ నమ్ముకుని వస్తున్న పేదరోగే ఇక్కడ పెట్టుబడి. ఆ పెట్టుబడి పెడుతున్నది ప్రభుత్వం, ఫీజులు వసూలు చేసుకునేది భాగస్వామి.

'ఉచిత పడకలు ఉంటాయి కదా' అంటారు. ఆ పడక ఊరికే రాదు. దాని బిల్లు ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుకే వెళుతుంది. ఆ ట్రస్టు బిల్లులు కడుతున్న తీరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. 2007లో మూడు జిల్లాలతో మొదలైన ఈ పథకం కింద ఉచిత చికిత్స పరిమితి ఇప్పుడు తెలంగాణలో 10 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలు. పరిమితి పెంచడానికి జీవో చాలు, ఖజానా కదలనక్కర్లేదు. ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్ర రోగి పేరు నమోదు చేస్తాడు, ఆసుపత్రి రిపోర్టులు అప్‌లోడ్ చేసి ముందస్తు అనుమతి తీసుకుంటుంది, ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జి తర్వాత క్లెయిమ్ పెడుతుంది. అక్కడినుంచి ఎదురుచూపే. బకాయి పెరిగేకొద్దీ ఆసుపత్రి పద్ధతి మారుతుంది. మొదట స్టెంట్లు, ఇంప్లాంట్లు అవసరమైన కేసులకు 'బెడ్ ఖాళీ లేదు' అంటుంది. తర్వాత డిపాజిట్ అడుగుతుంది. చివరకు బోర్డు తిప్పేస్తుంది. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపేశాయి. ప్రైవేటు ఆసుపత్రి సేవలు ఆపితే రోగి ఇవాళ పెద్దాసుపత్రికి పోతాడు. ఆ పెద్దాసుపత్రే భాగస్వామి చేతిలో ఉంటే ఎక్కడికి పోతాడు? బిల్లు కట్టని ప్రభుత్వమూ, బిల్లు రాని భాగస్వామీ మెడ మీద మెడ వేసుకుని దశాబ్దాలు కాపురం చేస్తారని ఎవరు నమ్ముతారు?

ఇది పది ఊళ్లతో ఆగే వ్యవహారమూ కాదు. జిల్లా ఆసుపత్రులను ప్రైవేటు వైద్య కళాశాలలతో ముడిపెట్టే నమూనా ఒప్పందాన్ని నీతి ఆయోగ్ 2020 జనవరిలోనే బయటపెట్టింది. అందులో గడువు 60 ఏళ్లు. ఒకచోట దారి తెరిస్తే రేపు ఏ జిల్లా ఆసుపత్రినైనా అదే దారిన తోలొచ్చు. 'ఫలానా చోట ఇచ్చాం కదా' అన్న ఒక్క మాట చాలు. ఏ ప్రభుత్వం వచ్చినా ఆ మాట వాడుకుంటుంది.

విపక్షం చేస్తున్న గోల వింటే నవ్వొస్తుంది. 2023లో కొత్త ప్రభుత్వ కళాశాలల్లో సగం సీట్లను అమ్మకానికి పెట్టింది తామేనని వైకాపా మరచిపోయినట్టుంది. జీవో 107, 108 గుర్తున్నాయా? సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ సీటు 20 లక్షలు. సర్కారు కళాశాలలో సర్కారే దుకాణం తెరిచింది. ఆ జీవోలు రద్దు చేస్తామని ఊరూరా తిరిగి చెప్పిన ఇప్పటి పాలకులు గెలిచాక ఏం చేశారు? పులివెందులకు 2024లో 50 సీట్లకు అనుమతి వస్తే, సదుపాయాలు కల్పించలేం, మాకొద్దని వారే లేఖ రాశారు. వచ్చిన సీట్లు వదులుకోవడం, ఆపై కళాశాల నడపలేకపోతున్నామనడం ఏం న్యాయం? మేత మాన్పించిన చేతులు మారాయి, గేదె మాత్రం అదే.

తెలంగాణ పాలకులు దీన్ని పొరుగింటి గొడవగా చూసి మురవనక్కర్లేదు. ఉస్మానియా పాత భవనంలోని వార్డుల్లోకి 2020 జులైలో వాననీరు చేరి రోగులను ఖాళీ చేయిస్తే, కొత్త భవనానికి గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది 2025 జనవరిలో. కేంద్రానిదీ అదే వరస. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రకారం ప్రభుత్వ ఆరోగ్య వ్యయం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలి. 2021-22లో అది 1.84 శాతం. ఆ ఏడాది దేశంలో వైద్యానికి అయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం తమ జేబులోంచి పెట్టుకున్నదే. ఇక ఉచిత వైద్యం కార్డుల మీద నిఘా ఎంత గట్టిదో తెలియాలంటే 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చాలు. ఆయుష్మాన్ భారత్‌లో దాదాపు ఏడున్నర లక్షల మంది ఒకే మొబైల్ నంబరు కింద నమోదయ్యారు. అన్నీ తొమ్మిదులే ఉన్న నంబరు అది!

చేయాల్సిన పనులు చిన్నవే, కాకపోతే రిబ్బన్ ఉండదు. మందుల సరఫరాదారుకు ఫలానా రోజులోపు చెల్లింపు, దాటితే వడ్డీ దానంతట అదే పడాలి. గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు నియామకం ఒకే ఉత్తర్వులో రావాలి. యంత్రం కొన్న రోజే దాని నిర్వహణ సొమ్ము పక్కన పెట్టాలి. సర్కారు ఆసుపత్రి ఆరోగ్యశ్రీ కింద సంపాదించిన డబ్బు ఆ ఆసుపత్రి ఖాతాకే చేరాలి. మందుల కిటికీ పక్కనే ఒక బోర్డు పెట్టి ఇవాళ లేని మందులేవి, ఎవరి బిల్లు ఎన్ని రోజులుగా ఆగింది అన్నది రాయాలి. సగంలో ఆగిన కళాశాల భవనాలను దశలవారీగానైనా ప్రభుత్వమే పూర్తిచేయాలి. ఇవేవీ చేయకుండా 'ప్రభుత్వం నడపలేదు' అనే హక్కు ఏ మంత్రికీ లేదు.

టెండరు పత్రాల మీద సంతకాలకు తొందరపడుతున్న పెద్దలు ఒక్క పూట తమ నియోజకవర్గంలోని సర్కారు ఆసుపత్రి మందుల కిటికీ ముందు వరసలో నిలబడండి. చేతిలో పెట్టే చీటీ తెచ్చుకుని ఆర్థిక శాఖ అధికారుల ముందు పెట్టండి. అందులోని ఒక్కో మందుకు సంబంధించిన బిల్లు ఎన్ని నెలలుగా ఎవరి బల్ల మీద పడుందో వాళ్లనే అడగండి. ముందు ఆ బిల్లులు కట్టండి. ఆసుపత్రి ఎవరు నడపగలరో, ఎవరు నడపలేరో తర్వాత మాట్లాడుదురుగాని.