డ్రాగన్‌ని నమ్ముతారు, ఆడమనిషి చేతిలో కత్తిని నమ్మరా?

విజయవాడలో పుస్తకాల పండగకి వెళ్లి ఫాంటసీ నవలల దగ్గర కాసేపు నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఈ మాట అంటారు: "ఆడపిల్ల యుద్ధం చేయడమేంటండీ, నమ్మేలా లేదు." కథలో నిప్పులు కక్కే డ్రాగన్ ఉన్నా వాళ్లకి అభ్యంతరం లేదు. చచ్చినవాడు లేచొచ్చినా లేదు. ఆడమనిషి కత్తి పడితే మాత్రం వంద ప్రశ్నలు. ఒళ్లు మండిపోతుంది నాకు.

అసలు కత్తి బరువెంత? ఒంటిచేత్తో తిప్పే మామూలు యుద్ధ ఖడ్గం కిలో, కిలోంపావు. నిండు బిందె చంకనెత్తుకుని మెట్లెక్కే ఆడవాళ్లకి అదొక బరువా! 13వ శతాబ్దంలో రుద్రమదేవి దేవగిరి యాదవుల దండయాత్రని తిప్పికొట్టింది. అంత దూరం ఎందుకు, మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023 ఆసియా క్రీడల్లో విలువిద్యలో 3 స్వర్ణాలు గెలిచింది.

రచయితల మీదా కోపం ఉంది. కథానాయికని జుట్టు విరబోసి, పొట్ట కనిపించే కవచంతో యుద్ధానికి పంపిస్తారు. ఆవిడ సాధన చేసినట్టు ఒక్క పేజీ ఉండదు. అరచేతులు కాయలు కాసినట్టు రాయండి. విల్లు లాగి లాగి భుజం పట్టేసి, రాత్రి జడ వేసుకోవడానికి చెయ్యి లేవనట్టు రాయండి. తనకంటే బలమైనవాడు మీదకొస్తే ఎదురు నిలబడకుండా పక్కకి తప్పుకుని, మోకాలి వెనక దెబ్బ వేసినట్టు రాయండి. అప్పుడు ఎవరు నమ్మరో నేనూ చూస్తాను.