మహారాజశ్రీ నోకియా గారి సముఖానికి

అయ్యా,

ఉభయకుశలోపరి. తమరు 1865లో ఫిన్లండ్‌లోని టాంపెరేలో కాగితపు గుజ్జు మిల్లుగా పుట్టారు. 1967లో రబ్బరు, కేబుల్ కంపెనీలను కలుపుకున్నారు. గుజ్జు, బూట్లు, తీగలు... ఏ వృత్తినీ వదలడానికి మొహమాటపడని తమరు ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్ దగ్గర మాత్రం కుందేలుకు మూడే కాళ్లన్నారు.

చవక ఫోన్ చెయ్యడం తమరికి తెలియదా? 2003 నాటి 1100 చూడండి. దుమ్ము దూరని రబ్బరు మీటలు, జారని పట్టు, పైన టార్చి. 25 కోట్లు అమ్మారు. ఖరీదైన ఫోన్ల దగ్గరే బుద్ధి మందగించింది. మీటల కోసం అల్లిన ఎస్60 అనే సింబియన్ రూపానికి తర్వాత టచ్ అతికించారు. రెండో ఎడిషన్‌కు రాసిన అప్లికేషన్ మూడో ఎడిషన్‌లో నడవదన్నారు. 2009లో ఎన్97కి 32 జీబీ ఇచ్చి, సిస్టమ్ నడిచే సి డ్రైవ్‌లో పదుల ఎంబీలే ఖాళీ ఉంచారు. మెయిళ్లూ బ్రౌజర్ చెత్తా అక్కడే చేరేసరికి ఫోన్ ‘మెమరీ నిండింది’ అని మొరాయించేది. గోదాములో ఎకరం ఖాళీ, వంటింట్లో కాలు పెట్టే జాగా లేదు!

2011 ఫిబ్రవరిలో తమ సీఈఓ స్టీఫెన్ ఈలప్ గారు ‘మనం మండుతున్న వేదిక మీద ఉన్నాం’ అని ఉద్యోగులకు ఉత్తరం రాశారు. వెంటనే మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ సాఫ్ట్‌వేరే మా దారి అని ప్రకటించారు. దానితో నడిచే మొదటి లూమియా ఫోన్‌ను చూపించింది అక్టోబరులో. ఈలోగా దుకాణాల్లో ఉన్న సింబియన్ ఫోన్లను, కంపెనీయే చచ్చిందన్న సరుకును, ఎవరు కొంటారండీ? కొత్తిల్లు పునాది దాటకుండానే పాతింటి కప్పు పీకడమంటే ఇదే. పోనీ ఆ లూమియాలు కొన్నవారికైనా న్యాయం జరిగిందా? మరుసటి ఏడాది వచ్చిన విండోస్ ఫోన్ 8 వాటికి ఎక్కదన్నారు.

2013లో ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మే ఒప్పందం 544 కోట్ల యూరోలది. అందులో 165 కోట్లు పేటెంట్ల వాడకానికి. పేటెంట్లు మాత్రం తమ దగ్గరే! ఇల్లమ్మి పట్టా జేబులో వేసుకున్న ఘనత తమరిదే. ఆ ఇంటి లెక్క తేల్చాల్సి వచ్చింది మన హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల గారికి: 2015 జులైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద కొట్టేసి, 7,800 ఉద్యోగాలు తీసేశారు. అంతకుముందే, 2014 నవంబరు 1న, చెన్నై దగ్గరి తమ శ్రీపెరంబుదూరు ఫ్యాక్టరీకి తాళం పడింది.

2016లో పేరును హెచ్‌ఎండీ అనే ఫోన్ల కంపెనీకి అద్దెకిచ్చి, టవర్లకు పరికరాలమ్ముకుంటూ కులాసాగా ఉన్నారు. సంతోషం.

ఇట్లు,
తమ విధేయులు

తా.క.: వేడెక్కుతున్నాయని 2007లో 4.6 కోట్ల బీఎల్-5సీ బ్యాటరీలను మార్చిస్తామన్నారు గుర్తుందా? ఆ సైజు బ్యాటరీ ఇప్పటికీ ఊరూరా చిన్న ఎఫ్‌ఎం రేడియోల్లో పాడుతూనే ఉంది. మీద ముద్ర మాత్రం తమరిది కాదు.