మైకు అందని ప్రశ్న

మన సంఘం వార్షిక సభలో బిజినెస్ ఫోరమ్‌కి వచ్చినవాళ్లకి ఆ మ్యాప్ గుర్తుండే ఉంటుంది. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధం మొదలై వారం దాటిన శనివారం అది. తెర మీద పర్షియన్ గల్ఫ్, దాని మూతి దగ్గర హోర్ముజ్ జలసంధి, దాని మీద ఎర్రగా ఇంటూ మార్కు. "ఈ ఒక్క గేటు పడితే చాలు, ప్రపంచం చతికిలబడుతుంది" అన్నారు వక్త. ఫొటోల కోసం హాలంతా ఫోన్లు లేచాయి. ఆ తర్వాత నలభై నిమిషాలు ఏ షేర్లు కొనాలి, ఏవి వదిలించుకోవాలి అన్న ముచ్చటే.

చివర్లో వెనక వరసలోంచి ఒకావిడ చెయ్యెత్తారు. మైకు అక్కడిదాకా వెళ్లలేదు. గొంతు పెంచి అడిగారు: "ఆ గేటు లోపల ఓడల్లో పనిచేసే మన పిల్లలున్నారు కదండీ, వాళ్లు బయటికెలా వస్తారు?"

యాంకర్ నవ్వుతూనే, "అమ్మా, మంచి ప్రశ్నే కానీ మన టాపిక్ అది కాదు. టైమ్ కూడా అయిపోయింది, తర్వాతి ఐటమ్ వాళ్లు రెడీగా ఉన్నారు" అన్నారు. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి. అందరితోపాటు చేతులు కలిపేశాను. ఇల్లు చేరేదాకా అదే గుచ్చుతూ ఉంది. ఆవిడ అడిగినదానికి ఎంతో కొంత జవాబు చెప్పగలిగినవాణ్ణి ఆ హాల్లో బహుశా నేనొక్కణ్ణే. పదమూడేళ్లు ట్యాంకర్ల ఇంజిన్ రూముల్లో పనిచేసి ఒడ్డున పడ్డవాణ్ణి.

వక్త చెప్పిన లెక్కల్లో తప్పేమీ లేదు. హోర్ముజ్ ఇరుకైన చోట 40 కిలోమీటర్లు కూడా ఉండదు. పెద్ద ఓడలు వెళ్లే దారి ఒకటి, వచ్చే దారి ఒకటి, ఒక్కొక్కటీ 2 మైళ్ల వెడల్పు. 2024లో ఆ సందులోంచి రోజుకి సుమారు 2 కోట్ల పీపాల చమురు వెళ్లింది, అంటే ప్రపంచం వాడే చమురులో ఐదో వంతు. ఖతార్ ఓడలకెక్కించే గ్యాస్ అంతా అటే రావాలి. సౌదీ, యూఏఈలకి జలసంధిని తప్పించుకునే పైప్‌లైన్లున్నా, అవి మోయగలిగేది అందులో కొంత భాగమే. నాకు అభ్యంతరం ఆ ఎర్ర ఇంటూ మార్కు మీద. సముద్రం ఎవరో తాళం వేస్తే మూసుకుపోయే తలుపులా కనిపించింది ఆ బొమ్మలో. అది మూతపడే తీరు వేరు.

1987 చివర్లో నేను నాలుగో ఇంజనీర్‌ని. ఇరాన్, ఇరాక్ ఒకరి చమురు ఓడల్ని ఒకరు కొట్టుకుంటున్న రోజులు. ఆ జూలైలోనే అమెరికా యుద్ధనౌకలు పక్కన ఉండగానే, వాళ్ల జెండా కట్టుకున్న కువైట్ ట్యాంకర్ బ్రిడ్జ్‌టన్ మందుపాతర తగిలి చిల్లు పడింది. చిత్రమేమిటంటే, ఆ దెబ్బ తర్వాత కాపలా నౌకలే ట్యాంకర్ వెనక చేరి నడిచాయి. అంత లావు ట్యాంకర్‌కి ఒక చిల్లు పడితే పడింది, యుద్ధనౌకకి పడితే మునిగిపోవచ్చు.

మేం కువైట్ రేవు మీనా అల్ అహ్మదీలో లోడ్ చేసుకుని బయల్దేరాం. నాది ఎనిమిది నుంచి పన్నెండు వాచ్, అంటే డ్యూటీ. హోర్ముజ్ దాటే రోజు చీకటి పడకముందే లైట్లన్నీ ఆర్పించారు, పోర్ట్‌హోల్స్‌కి, అంటే ఓడ కిటికీలకి, దుప్పట్లు కట్టించారు. స్పీడ్‌బోట్ల నుంచి పేల్చే రాకెట్లు ఎక్కువగా సిబ్బంది ఉండే గదుల వైపే వస్తాయని అప్పటికే అందరికీ తెలుసు. అందుకని ఎవరూ తమ గదుల్లో పడుకోలేదు. లోపలి నడవాలో పరుపులు పరిచి వరసగా పడుకున్నారు, కెప్టెన్ వంటవాడు తేడా లేకుండా. కింద ఇంజిన్ రూమ్‌లో ఇద్దరమే, నేనూ, యంత్రాలకి నూనె పెట్టే ఒక ఆయిలరూ. అతను పాస్‌పోర్ట్‌ని ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి, బాయిలర్ సూట్ లోపల గుండె మీద పెట్టుకున్నాడు. గంటకోసారి తడిమి చూసుకునేవాడు. "నీళ్లలో పడితే పాస్‌పోర్ట్ ఎందుకయ్యా?" అని అడిగాను. "శవం ఎవరిదో తెలియాలి కదా సార్" అన్నాడు, ఆయిల్ డబ్బా మూత బిగిస్తూ.

ఇంజిన్ రూమ్ నీటిమట్టానికి కింద ఉంటుంది. బయట ఏం జరిగినా ముందు శబ్దమే తెలుస్తుంది. ఆ రాత్రి నూనె శుభ్రం చేసే ప్యూరిఫైయర్ ఒకటి మాటిమాటికీ అలారం కొడుతోంది. అది మోగిన ప్రతిసారీ ఇద్దరం నిచ్చెన వైపు చూశాం. వాచ్ దిగి, ఓడని నడిపే చోటైన బ్రిడ్జి మీదికి వెళ్తే, అన్ని ఓడలూ వినే రేడియో చానెల్ 16లో ఎవడో కోతిలా కిచకిచలాడుతూ అందర్నీ ఆటపట్టిస్తున్నాడు. ఆ రోజుల్లో అక్కడ తిరిగిన ఏ నావికుణ్ణి అడిగినా వాడి గురించి చెబుతాడు. ఎవడో ఎప్పటికీ తెలియలేదు. మాకేం కాలేదు, తెల్లారేసరికి ఒమన్ గల్ఫ్‌లో ఉన్నాం. ఆ యుద్ధంలో 500కు పైగా వాణిజ్య నౌకలు దెబ్బతిన్నాయనీ, 400 మందికి పైగా నావికులు పోయారనీ తర్వాత లండన్ ఇన్సూరెన్స్ సంస్థ లాయిడ్స్ లెక్కల్లో చదివాను.

అంత జరిగినా హోర్ముజ్ ఒక్కరోజు కూడా పూర్తిగా మూతపడలేదు, చమురు వస్తూనే ఉంది. ఎలా వచ్చిందయ్యా అంటే, ఆయిలర్ లాంటి వాళ్లు వెళ్లారు కాబట్టి వచ్చింది. మా ఆవిడకి చెప్పకుండా నేనూ వెళ్లాను. దానికి డబుల్ బేసిక్ జీతం ఇచ్చారు, కాదనకుండా తీసుకున్నాను. ఈ సంగతి దాచిపెట్టి మాట్లాడితే నాకే సిగ్గు.

దిగ్బంధానికి ఒక పాత రూలుంది. కాగితం మీద ప్రకటిస్తే చెల్లదు, నిజంగా అడ్డుకునే బలం అక్కడ ఉండాలి అని 1856లో పారిస్‌లో రాసుకున్నారు. 1971లో విక్రాంత్‌ని బంగాళాఖాతంలో దింపి తూర్పు పాకిస్తాన్ రేవుల్ని మన నేవీ బిగించింది ఆ పద్ధతిలోనే. ఇప్పుడు అంత నౌకాదళం అక్కర్లేదు. ఎర్ర సముద్రంలో ఓడల్ని కొట్టిన యెమెన్ హౌతీలకి చెప్పుకోదగ్గ నేవీ ఏముంది? కొన్ని డ్రోన్లు, కొన్ని క్షిపణులు. వాటి భయానికే 2024లో సూయజ్ కాలువ మీదుగా వెళ్లే ఓడలు సగానికి పైగా తగ్గిపోయాయి. అటు మానేసినవి చాలావరకు ఆఫ్రికా చుట్టూ తిరిగి, పది పద్నాలుగు రోజులు ఎక్కువ ప్రయాణం చేశాయి.

దారి నిజంగా కట్టేసేది ఇన్సూరెన్స్. లండన్‌లో ఒక కమిటీ ప్రమాద ప్రాంతాల జాబితా పెడుతుంది. అందులోకి వెళ్లాలంటే యజమాని ముందుగా చెప్పి అదనపు ప్రీమియం కట్టాలి, సాధారణంగా ఏడు రోజులకే. ఎర్ర సముద్రంలో అది ఓడ విలువలో దాదాపు ఒక శాతానికి చేరింది. 10 కోట్ల డాలర్ల ఓడకి ఒక్కసారి దాటడానికి 10 లక్షల డాలర్లు! కొందరు యజమానులు లెక్క చూసుకుని చుట్టూ తిప్పారు. కొందరు కట్టి లోపలికి పంపారు. వాళ్లు పంపింది ఓడని ఒక్కదాన్నే కాదు.

2024 జనవరి 26న గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కి క్షిపణి తగిలింది. లోపల నాఫ్తా, పెట్రోల్ లాంటి సరుకు, అగ్గిపుల్ల చాలు అంటుకోవడానికి. ఓడలో 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. మన ఐఎన్ఎస్ విశాఖపట్నం చేరుకుని, నేవీ వాళ్లు ఓడెక్కి సిబ్బందితో కలిసి మంటలార్పారు. మార్చిలో ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడ మీద ముగ్గురు నావికులు చనిపోయారు. ఏప్రిల్‌లో హోర్ముజ్ దగ్గర ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్‌లో 17 మంది భారతీయులు. దాని జెండా పోర్చుగల్‌ది. ఇలాంటప్పుడు పిల్లాడి తల్లి ఎవరికి ఫోన్ చేయాలి? జెండా దేశానికా, యజమానికా, ఇంకో దేశంలో కూర్చున్న మేనేజర్‌కా?

మనవాళ్లు సెయిలర్‌ని చూస్తే అడిగేవి రెండే. "నెలకెంత?", "ఎన్నాళ్లు సెలవు?" చిన్నప్పటి నుంచీ మా ఇంట్లోనూ ఇంతే, దీన్ని నేను పెద్ద నేరమని అనను. లాభం చూసుకోవడం కూడా తప్పు కాదు. పొదుపు చేసుకున్న డబ్బు కరిగిపోతుందేమోనన్న టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. ఆ వక్త తన పని చక్కగా చేశారు, ఆయన్ని తప్పుపట్టను. నా తగాదా "టాపిక్ అది కాదు" అన్న ఒక్క మాటతో. మరి టాపిక్ ఏది?

ఫోరమ్ అయ్యాక కారిడార్‌లో ఆవిణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. కొడుకు థర్డ్ మేట్, అంటే ఓడలో జూనియర్ ఆఫీసర్, గల్ఫ్ లోపల లోడింగ్ కోసం లంగరేసి ఉన్నారట. కంపెనీకి ఫోన్ చేస్తే "పరిస్థితి గమనిస్తున్నాం" అంటున్నారట. ఫోన్ తీసి ఓడల యాప్ చూపించారు. ఆకుపచ్చ బాణం గుర్తు ఒడ్డు దాటి, బాగా లోపల, ఇసక మీద ఉంది.

"ఓడ ఎడారిలో ఎలా ఉంటుంది అన్నయ్యగారూ?"

జీపీఎస్ జామింగ్ అని చెప్పాను. సిగ్నల్ చెదరగొడతారు, అందుకే ఓడ ఉన్నచోటు తప్పుగా కనిపిస్తుంది, అబ్బాయి నీళ్ల మీదే ఉన్నాడు అని. ఆవిడ కాస్త కుదుటపడ్డారు. ఆ వారంలోనే ఆ నీళ్లలో రెండు ట్యాంకర్లు గుద్దుకుని ఒకదాని సిబ్బందిని దింపేశారన్న సంగతి మాత్రం చెప్పలేదు.

ఇంకొకటి చెప్పాను, అది ఆవిడకి తెలియదు. యూనియన్ ఒప్పందం ఉన్న ఓడల్లో, యుద్ధ ప్రాంతమని ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు నావికుడికి ఉంటుంది. కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాలి. ఒప్పందం లేని ఓడల సంగతి దేవుడెరుగు. ఏ ఓడకి ఏ ఒప్పందమో సైన్ ఆన్ అయ్యే ముందే, అంటే ఓడలో చేరకముందే, చూసుకోవాలి. ఆ కాగితం చదివి చెప్పే మనిషి ఆవిడకి దొరకలేదు.

అందుకే కార్యవర్గాన్ని అడుగుతున్నాను, అడగడం కాదు, బతిమాలుతున్నాను. మనలో ఎవరి పిల్లలు, ఎవరి తమ్ముళ్లు సముద్రం మీద ఉన్నారో ఒక జాబితా రాయించండి. సభ్యత్వ ఫారంలో ఒక గడి చాలు. ఏ దేశంలో ఏ రాయబార కార్యాలయంలో ఎవరితో మాట్లాడాలో మన వాలంటీర్లకి బాగా తెలుసు. ఎంతమందికి కష్టకాలంలో తోడు నిలబడలేదు మనవాళ్లు! ఆ పరిచయాలే వీళ్లకీ పనికొస్తాయి. కాంట్రాక్టులు చదివిపెట్టే పని నాది. రాత్రిపూట ఫోన్ చేసినా ఎత్తుతాను, వాచ్‌లు చేసిన ఒంటికి నిద్ర ఎలాగూ తక్కువే.

వచ్చే ఏడాది ఫోరమ్‌లో మళ్లీ ఆ మ్యాపే వేయండి, ఎర్ర ఇంటూ కూడా ఉండనివ్వండి. మొదటి ప్రశ్న మాత్రం ఆవిడది. వాళ్లబ్బాయి జూలైలో సైన్ ఆఫ్ అయ్యి ఓడ దిగాడు, వస్తే అతన్నీ పక్కన కూర్చోబెడదాం. మైకు నేను పట్టుకెళ్తాను.