"బీదలు ఎప్పుడూ ఉంటారు" అన్న మాట అక్కడితో ఆగలేదు బ్రదర్

ఈ మధ్య తెగ తిరుగుతున్న మెసేజ్ ఒకటుంది, మీకూ వచ్చే ఉంటుంది. బీదలు ఎప్పుడూ మీతోనే ఉంటారని యేసయ్యే చెప్పాడు కాబట్టి పేదరికం తగ్గించడం సంఘం పని కాదంట, పని చెయ్యనివాడు తినకూడదని పౌలు అన్నాడంట, ఎంత డబ్బు పోసినా ఏమీ మారలేదంట, మన పని ఆత్మల రక్షణ ఒక్కటేనంట, కరువులు ఎలాగూ అంత్యకాల సూచనలంట. కింద వరసపెట్టి ఆమెన్‌లు. సరే, ఒక్కోటీ చూద్దాం.

మొదటిది. బేతనియలో ఒకావిడ ఖరీదైన అత్తరు తెచ్చి యేసు తల మీద పోస్తే, అది అమ్మి బీదలకివ్వొచ్చు కదా అని అక్కడున్నోళ్ళు సణిగారు, అప్పుడన్న మాట అది. మార్కు 14:7 మొత్తం చదవండి, మీకు ఇష్టమైనప్పుడల్లా వాళ్ళకి మేలు చెయ్యొచ్చు అని అదే వచనంలో ఉంది, మెసేజ్ రాసినాయన సరిగ్గా అక్కడే కత్తెర వేశాడు. పైగా ఆ మాట వెనక ద్వితీయోపదేశకాండం 15 ఉంది, విన్న యూదులకి అది కొట్టినపిండి. ఏడేళ్ళకోసారి అప్పులు వదిలెయ్యాలి, ఆ ఏడు దగ్గరపడింది కదా అని బీదవాడికి అప్పివ్వకపోతే పాపం, దేశంలో బీదలు ఉండక మానరు కాబట్టి చెయ్యి చాపి ఇవ్వు, ఇదీ అక్కడున్న ఆజ్ఞ. ఉంటారు కాబట్టి ఇవ్వమంటే, ఉంటారు కాబట్టి వదిలెయ్యమన్నట్టు తిప్పేశారు!

ఇదేదో పాతకాలం చట్టం అనుకోకండి. లేవీయకాండంలో సునాద సంవత్సరం ఉంది, అంటే యాభయ్యో ఏట బానిసల్ని విడిపించి, ఎవరి భూమి వాళ్ళకి తిరిగిచ్చే జూబిలీ, దాని పేరు మీదే జూబిలీ 2000 ఉద్యమం నడిచింది. 1998లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జీ8 అనే పెద్ద దేశాల కూటమి సమావేశం జరుగుతుంటే, పేద దేశాల అప్పులు రద్దు చెయ్యమని దాదాపు 70 వేల మంది చేతులు పట్టుకుని గొలుసులా నిలబడ్డారు, వాళ్ళలో చర్చిల నుంచి వచ్చినవాళ్ళు బోలెడుమంది.

పౌలు మాటకొస్తే, థెస్సలొనీకలో పని మానేసి పరుల జోలికి పోతూ తిరిగేవాళ్ళకి రాసింది అది. బిందె నెత్తిన పెట్టుకుని నీళ్ళ కోసం మైళ్ళు నడిచే ఆడమనిషికి దాన్ని ఎలా అంటగడతారో నాకైతే అర్థం కాదు. ఆ పౌలే యెరూషలేము బీదల కోసం మాసిదోనియ, అకయ సంఘాల దగ్గర చందా పోగుచేశాడు, రోమా 15:26.

ఏమీ మారలేదన్నది పచ్చి అబద్ధం. 1990లో ఏడాదికి కోటీ పాతిక లక్షల దాకా ఐదేళ్ళలోపు పిల్లలు చనిపోయేవాళ్ళు, 2022లో ఆ లెక్క 49 లక్షలు. ఇదంతా క్రైస్తవుల గొప్పే అనడం లేదు, టీకాలు, ప్రభుత్వాలు, చైనా లాంటి దేశాల ఎదుగుదల అన్నీ ఉన్నాయి. కానీ గినియా పురుగు సంగతి చూడండి. మురికి నీళ్ళతో కడుపులోకి పోయి, ఏడాదికి మూడడుగుల దాకా పెరిగి, కాలి చర్మం చీల్చుకుని బయటికొస్తుంది, దాన్ని పుల్లకి చుట్టి రోజుకింత చొప్పున వారాల తరబడి లాగాలి. మందు లేదు, టీకా లేదు. 1986లో 35 లక్షల కేసులుంటే 2023లో మనుషుల్లో వచ్చినవి 14. ముఖ్యంగా నీళ్ళు గుడ్డతో వడగట్టి తాగడం ఊరూరా నేర్పించారు. ఆ పనిని ముందుండి నడిపించిన అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ తొంభై దాటాక కూడా సండే స్కూల్ చెప్పాడు, సువార్తకీ సేవకీ మధ్య ఆయనకేం గొడవ రాలేదు మరి.

ఆత్మలా, ఆకలా అన్న పంచాయితీ 1974లోనే తేలిపోయింది. లోకమంతా సువార్త చెప్పడం గురించే స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కూడిన క్రైస్తవ నాయకులు రాసుకున్న ఒడంబడికలో రెండూ మన బాధ్యతే అని స్పష్టంగా ఉంది. యాకోబు 2:16 అంతకన్నా ఘాటుగా ఉంటుంది, తిండిలేనివాణ్ణి వెచ్చగా ఉండు, కడుపునిండా తిను అని పంపించేస్తే ఏం ప్రయోజనం అంటాడు.

ఇక కరువులు సూచనలు అన్నారు కదా, అపొస్తలుల కార్యములు 11 తియ్యండి. లోకమంతా కరువు రాబోతోందని అగబు అనే ప్రవక్త చెప్పాడు. అంతియొకయలో విశ్వాసులు ఇది అంత్యకాల సూచనల్లో ఎన్నోది అని లెక్కలు వేసుకుంటూ కూర్చోలేదు, ఎవరి శక్తికొద్దీ వాళ్ళు డబ్బు వేసి యూదయకి పంపారు, అది మోసుకెళ్ళింది బర్నబా, సౌలు, అంటే పైన చెప్పిన పౌలే.