బొమ్మ అబద్ధమైతే నరికిన చెట్లు లేచి నిలబడతాయా?

2025 మార్చి 25న ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీలో బొమ్మలు గీసే కొత్త సదుపాయాన్ని విడుదల చేసింది. వారం తిరగకుండానే హైదరాబాద్‌లో పెళ్లి ఫొటోలు, పిల్లల ఫొటోలు, ట్యాంక్‌బండ్ మీద దిగిన సెల్ఫీలు అన్నీ జపాన్‌లో యానిమేషన్ సినిమాలు తీసే జిబ్లీ స్టూడియో తరహా రంగుల బొమ్మలుగా మారి వాట్సాప్ స్టేటస్‌లకు ఎక్కాయి. ఆ సందడిలోనే, మార్చి 30న, ఉగాది నాడు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి, చెట్లు కొట్టి చదును చేయడానికి, ప్రభుత్వం పంపిన జేసీబీలు దిగాయి. ఒకదానితో ఒకటికి సంబంధం లేని ఈ రెండు సంగతులు ఒకే వారంలో రావడంతో భూమి గొడవ కాస్తా బొమ్మల గొడవ అయింది. ఆ రోజుల్లో తెలుగు పాఠకులు వెలిబుచ్చిన అభిప్రాయాలను ఇప్పుడు తీరిగ్గా తిరగేస్తే, మనం వార్త చదివి తీర్పు చెబుతున్నామా, తీర్పు ముందే చెప్పేసి దానికి తగిన వార్తను ఏరుకుంటున్నామా అన్న అనుమానం కలుగుతుంది.

ముందుగా, ఈ భూమి మీద ఆ రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో విస్తృతంగా తిరిగిన ఒక ఏఐ బొమ్మ సంగతి చూద్దాం. విశ్వవిద్యాలయ పరిసరాలకు గుర్తుగా నిలిచిన పుట్టగొడుగు రాయి అందులో ప్రధానంగా కనిపిస్తుంది. దగ్గర్లో నేలను చదును చేస్తున్న బుల్‌డోజర్లు, ముందు వైపు నెమళ్లు, జింక. జిబ్లీ తరహా రంగుల్లో ఉన్న ఆ చిత్రాన్ని కెమెరాతో తీసిన ఫొటో అని చిన్నపిల్లలు కూడా పొరబడరు. అది ఒక అభిప్రాయాన్ని బొమ్మలో చెప్పడమే, పత్రికల్లో రోజూ వచ్చే కార్టూన్ చేసే పనే. అయితే దానితో పాటు మరో రకం దృశ్యాలు కూడా తిరిగాయి. యంత్రాల ముందు ప్రాణభయంతో పరుగెత్తే జంతువులు, గాయపడిన జింకలు అచ్చంగా అక్కడే, అప్పుడే తీసినట్టు కనిపించేలా తయారై చేతులు మారాయి. ఈ రెండు రకాలకూ మధ్య ఉన్న తేడా ఈ వ్యవహారంలో చాలా ముఖ్యం. దురదృష్టవశాత్తు ప్రభుత్వమూ, ప్రభుత్వాన్ని వ్యతిరేకించినవాళ్లూ ఆ తేడాను పట్టించుకోలేదు. ఏప్రిల్ 5న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నిర్వహించిన సమీక్షలో, ఏఐతో సృష్టించిన నకిలీ దృశ్యాలే ఈ వివాదాన్ని పెంచి పెద్దది చేశాయన్న అభిప్రాయం వ్యక్తమైంది. వాటిపై విచారణకు ఆదేశించాలని న్యాయస్థానాన్ని కోరాల్సిందిగా ఆయన అధికారులకు సూచించారు.

ఆ సమీక్ష జరగడానికి రెండు రోజుల ముందే అసలు ప్రశ్నకు జవాబు దొరికేసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆదేశం మేరకు తెలంగాణ హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్ స్వయంగా ఆ స్థలానికి వెళ్లి చూసి, అదే రోజు నివేదిక పంపారు. భారీ యంత్రాలతో దాదాపు 100 ఎకరాల మేర చెట్లు తొలగించారనీ, అక్కడ నెమళ్లు, జింకలు, ఇతర పక్షులు కనిపించాయనీ అందులో ఉంది. జస్టిస్ బీఆర్ గవాయ్ నేతృత్వంలోని ధర్మాసనం వెంటనే పనులన్నీ ఆపించింది. మర్నాడు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కుక్కల దాడికి గురైన ఒక చుక్కల జింక చనిపోయింది. అంటే బొమ్మలో గీసిన నాలుగు విషయాలూ, అంటే రాయి, యంత్రాలు, నెమలి, జింక, నిజంగా అక్కడ ఉన్నవే. అవన్నీ ఒకే క్షణంలో ఒకే చట్రంలో నిలబడకపోయి ఉండవచ్చు, అంతే.

నల్లగండ్ల వైపు ఒక అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ వారం జరిగిన సంభాషణ నాకింకా గుర్తుంది. ఒక కుర్రాడు రిజిస్ట్రార్ నివేదిక వార్తను పంచుకుంటే, ఒక పెద్దమనిషి “గదంతా ఏఐ తమ్మీ, పరేషాన్ గాకు” అని జవాబిచ్చారు. దాని కింద వరుసగా బొటనవేళ్లు లేచాయి. న్యాయాధికారి కాళ్లతో నడిచి వెళ్లి రాసిన నివేదిక ఏఐ ఎలా అవుతుందని ఒక్కరూ అడగలేదు. ఆ పెద్దమనిషి అమాయకుడేమీ కాదు, రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఒక్క అక్షరం తేడా ఉన్నా పట్టేసే మనిషి. తనకు నచ్చని వార్తను పక్కన పెట్టడానికి ఇంతకాలం ఆయనకు “అది ఫలానా పార్టీ పత్రిక” అన్న మాట ఒక్కటే అందుబాటులో ఉండేది. ఇప్పుడు రెండో మాట దొరికింది.

రాబర్ట్ చెస్నీ, డానియెల్ సిట్రన్ అనే ఇద్దరు అమెరికన్ న్యాయశాస్త్ర ఆచార్యులు ఈ పరిణామాన్ని చాలా ముందుగానే ఊహించారు. నకిలీ దృశ్యాలు పెరిగేకొద్దీ జనం అబద్ధాన్ని నమ్మడం ఒక ప్రమాదమైతే, నిజమైన దృశ్యాన్ని కూడా నకిలీ అని కొట్టిపారేసే వీలు తప్పు చేసినవాడికి దక్కడం అంతకన్నా లోతైన ప్రమాదమని వారి వాదన. ఆ వాదనకు కంచ గచ్చిబౌలి కన్నా సూటిగా సరిపోయే ఉదాహరణ మన దగ్గర ఇప్పటిదాకా లేదని నా అభిప్రాయం. ఇక్కడ నకిలీ దృశ్యాలు ఉన్న మాట నిజం, చెట్లు కొట్టిన మాటా నిజం. మొదటి నిజాన్ని రెండో నిజం మీద కప్పేశారు.

ఆ దుప్పటి అందించినవాళ్లను కూడా తప్పు పట్టాల్సిందే. ఉద్యమం పక్షాన నిలిచిన చాలామంది, ఏ దృశ్యం ఎక్కడిదో చూసుకోకుండా, కన్నీళ్లు తెప్పిస్తే చాలన్నట్టు పంచేశారు. జేసీబీలను అడ్డుకోబోయి విద్యార్థులు పోలీసు వ్యాన్లు ఎక్కుతూ కూడగట్టిన సానుభూతిని ఇంట్లో సోఫాలో కూర్చుని పలచన చేసినవాళ్లు వీళ్లే. “ఉద్దేశం మంచిదే కదా” అన్న సమర్థన నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. సాక్ష్యం బలంగా ఉన్న కేసులో దొంగ సాక్ష్యం పెడితే బలమైన సాక్ష్యం కూడా అనుమానాల పాలవుతుంది, ఏ మునసబు కోర్టు గుమాస్తాను అడిగినా ఈ సంగతి చెబుతాడు.

ఇక పాఠకుల స్పందనల్లో మరో విశేషం ఉంది. ప్రతి ఒక్కరూ ఈ కథను తమకు అనువైన సంవత్సరం నుంచి మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయాన్ని ప్రేమించేవారికి కథ 1974లో మొదలవుతుంది. ముల్కీ గొడవలు, జై ఆంధ్ర ఉద్యమం తరువాత ఆరు సూత్రాల పథకంలో భాగంగా వచ్చిన ఆ విద్యాసంస్థకు రెండు వేల మూడు వందల ఎకరాలకు పైగా భూమి చూపించారు, అందులోంచి ఒక్కో ముక్కా తరిగిపోతూ వచ్చింది కాబట్టి ఇది మరో కోత అని వారి బాధ. తెలుగుదేశాన్ని విమర్శించేవారికి కథ 2003లో మొదలవుతుంది, ఎందుకంటే క్రీడా సదుపాయాల పేరుతో ఐఎంజీ భారత అనే ప్రైవేటు సంస్థకు ఈ 400 ఎకరాలను ఇచ్చింది అప్పటి చంద్రబాబు ప్రభుత్వం. వైఎస్ అభిమానులకు ఆ కేటాయింపు రద్దయిన 2006 ముఖ్యం. నేటి ప్రభుత్వాన్ని సమర్థించేవారికి 2024 తప్ప మరో సంవత్సరం కనిపించదు. ఆ మార్చిలో హైకోర్టు, మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షాన నిలవడంతో భూమి చేతికొచ్చింది, కోర్టుల్లో కాపాడుకున్న ప్రజల ఆస్తిని పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ద్వారా అభివృద్ధి చేస్తే తప్పేమిటని వారి ప్రశ్న. వీరే, చెట్ల కోసం గళమెత్తిన భారత రాష్ట్ర సమితి నాయకులకు 2022ను గుర్తుచేశారు, జంట జలాశయాల పరిరక్షణకు 1996లో వచ్చిన 111 జీవో ఆంక్షలను ఎత్తేసింది మీ ప్రభుత్వమే కదా అని. విద్యార్థులకు మాత్రం కథ మార్చి 30 సాయంత్రం మొదలైంది.

ఇందులో ఎవరూ తేదీలను కల్పించలేదన్నది గమనించాలి. అన్ని తేదీలూ సరైనవే. సరైన తేదీలతోనే ఐదు వేర్వేరు కథలు చెప్పారు, ఎవరి కథలో వాళ్లే గెలిచారు. అబద్ధపు వార్తల గురించి మనం పెట్టుకున్న భయంలో ఈ కోణం దాదాపు కనిపించదు. ఏ ఏఐ సాయమూ లేకుండా, నిజాలను ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించుకోవడంతోనే మనిషి తనకు కావలసిన తీర్పు రాసుకోగలడు.

“గేటెడ్ కమ్యూనిటీల్లో ఉంటూ అడవి గురించి మాట్లాడతారా” అన్న ఎత్తిపొడుపు కూడా చాలా చోట్ల వినిపించింది. అందులో నిజం లేకపోలేదు. ఐటీ కారిడార్ అంతా రాళ్లు పగలగొట్టి, కుంటలు పూడ్చి లేచిందే. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలను క్వారీలకు అప్పగించినప్పుడు నోరు మెదపనివారిలో నేడు నినాదాలు ఇచ్చినవారూ ఉన్నారు. కానీ నిన్న నోరు మెదపనివాడికి నేడు అడిగే హక్కు లేదనుకుంటే, ఏ తప్పునూ ఎవరూ ఎప్పటికీ ప్రశ్నించలేరు.

చట్టం దృష్టిలో ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. ఒకటి, భూమి ఎవరిది? దానికి 2024లో జవాబు వచ్చేసింది. రెండోది, ఆ భూమి మీద ఉన్న చెట్లను నరకడానికి తగిన అనుమతులు తీసుకున్నారా, అసలు దాన్ని అడవిగా చూడాలా వద్దా? రెవెన్యూ రికార్డుల్లో అది ఎన్నడూ అటవీ భూమి కాదు, ‘కంచ అస్తబల్ పోరంబోకు సర్కారీ’, అంటే సర్కారు భూమి అని ఉందని ప్రభుత్వం చూపించింది. కానీ 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డులో ఏ పేరు ఉన్నా, ఎవరి యాజమాన్యంలో ఉన్నా, నిఘంటువు అర్థంలో అడవి అయినదంతా అడవేనని చెప్పి దాదాపు మూడు దశాబ్దాలు కావస్తోంది. పైగా తెలంగాణలో చెట్టు కొట్టాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉండనే ఉంది. ఇల్లు మనదే అయినా పై అంతస్తు వేయాలంటే మున్సిపాలిటీ అనుమతి అడుగుతుంది; హక్కు పత్రం చూపిస్తే సరిపోదు. వరుస సెలవుల్లో అంత హడావుడి ఎందుకని న్యాయస్థానం అడిగిన ప్రశ్న ఈ రెండో ప్రశ్నకు చెందినది. మన పాఠకుల్లో ఎక్కువమంది మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబునే రెండోదానికీ అతికించారు.

పోలీసులు ఏం చేశారన్నది ఇంకో ముచ్చట. ఆ జిబ్లీ తరహా చిత్రాన్ని తన ఖాతా నుంచి తిరిగి పంచుకున్నందుకు సీనియర్ ఐఏఎస్ అధికారిణి స్మితా సబర్వాల్‌కు గచ్చిబౌలి పోలీసులు ఏప్రిల్‌లో నోటీసు ఇచ్చారు. నోటీసు ఇచ్చింది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 179వ సెక్షన్ కింద, అంటే సాక్షిగా పిలవడానికి ఉద్దేశించిన నిబంధన కింద. అదే చిత్రాన్ని పంచుకున్న మిగతా వేలమందికి కూడా ఇలాగే నోటీసులు ఇచ్చారా అని ఆమె ఎదురు ప్రశ్నించారు. సమంజసమైన ప్రశ్నే. కెమెరా దృశ్యంలా నమ్మించే నకిలీని తయారుచేసినవాడిని వెతకడం పోలీసుల పని. బొమ్మ అని చూడగానే తెలిసే బొమ్మను పంచుకున్నవారిని పిలవడం వల్ల మాత్రం ప్రభుత్వానికి నొప్పి కలిగించింది అబద్ధం కాదనీ, విమర్శ అనీ జనం అనుకుంటారు. ఆన్‌లైన్‌లో నచ్చని మాట రాసినందుకు అరెస్టులకు దారితీసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది 2015 మార్చిలో. పదేళ్లు గడిచినా పాత అలవాటు పోలేదు.

సాంకేతికత ఈ చిక్కును విప్పుతుందని ఆశపడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. చాట్‌జీపీటీ తయారుచేసిన చిత్రంలో, అది యంత్రం సృష్టించిందని తెలిపే సమాచారం ఫైలు లోపల నిక్షిప్తమై ఉంటుంది. స్క్రీన్‌షాట్ తీసినా, వాట్సాప్‌లో ఫొటోగా పంపినా ఆ సమాచారం సాధారణంగా ఊడిపోతుంది. చేతికి అందేసరికి మిగిలేది బొమ్మ, దాని మీద ఎవరో రాసిన వ్యాఖ్య. కృత్రిమ దృశ్యాలపై పది శాతం స్థలంలో స్పష్టమైన ముద్ర ఉండాలని కేంద్రం 2025 అక్టోబరులో ముసాయిదా నిబంధనలు తెచ్చినప్పుడు చాలామంది హర్షించారు. ముద్ర ఉంటే మంచిదే. కానీ కంచ గచ్చిబౌలిలో బొమ్మ మీద ఎంత పెద్ద ముద్ర వేసినా, అక్కడ ఎన్ని ఎకరాలు చదును చేశారన్న ప్రశ్నకు ఆ ముద్ర జవాబు ఇచ్చేది కాదు.

ఆ జవాబు ఇవ్వగలిగినది మరొకటి ఉంది, అదీ మన ఊళ్లోనే. ఉపగ్రహాలు తీసిన భూమి చిత్రాలను అందుకునే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. దాని భూ కేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. అది చాలదనుకుంటే, ఐరోపా సెంటినెల్-2 ఉపగ్రహాలు ఒకే ప్రదేశాన్ని దాదాపు ఐదు రోజులకోసారి, పది మీటర్ల స్పష్టతతో తీసే చిత్రాలను ఎవరైనా ఉచితంగా తెరిచి చూసుకోవచ్చు. వంద ఎకరాల పచ్చదనం పోతే ఆ చిత్రంలో దాదాపు నాలుగు వేల చుక్కలు రంగు మారతాయి. ఈ వ్యవహారంలో నకిలీ దృశ్యాలు తమకు అన్యాయం చేశాయని ప్రభుత్వం నిజంగా భావించి ఉంటే, సమీక్ష జరిపిన ఏప్రిల్ 5 నాడే మార్చి 30కి ముందు, తరువాత తీసిన ఉపగ్రహ చిత్రాలను పక్కపక్కన పెట్టి, ఎన్ని ఎకరాలు, ఏ ఏ చెట్లు, ఏ అనుమతితో అన్న వివరాలతో పత్రికలకు ఇచ్చి ఉండాల్సింది. అప్పుడు నా అపార్ట్‌మెంట్ పెద్దమనిషి కూడా వాటిని ఏఐ అనలేకపోయేవారు, ఎందుకంటే ఇచ్చింది ఆయన నమ్మే ప్రభుత్వమే.