సిరోంచకు ఇంటిదాకా వచ్చే వైద్యం కావాలి

తెలంగాణ సరిహద్దున, మహారాష్ట్రలో ఉన్న మా సిరోంచ నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికి దాదాపు 200 కిలోమీటర్లు. అందుకే ఇక్కడ గుండె నొప్పి వచ్చినా, కాన్పు కష్టమైనా గోదావరి వంతెన దాటి తెలంగాణలోని భూపాలపల్లికో వరంగల్‌కో పరుగెత్తుతాం. అప్పో సప్పో చేసి ప్రాణం దక్కించుకోవడం దాకా ఎలాగోలా అవుతోంది. అసలు కష్టం ఇంటికొచ్చాకే.

పక్షవాతానికి వైద్యం చేయించుకుని తిరిగొచ్చిన మనిషి ఇంటికి వెళ్లి చూడండి. మంచం పక్కన మేకుకు వేలాడే ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి కాగితం, ఖాళీ గోలీల అట్టలు ఉంటాయి. బీపీ గోలీలు నెలకిచ్చారు, నెల దాటిపోయింది, ఆపేస్తే మళ్లీ పక్షవాతం వచ్చే ముప్పుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నడుము కింద పుండు మొదలైంది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలని కోడలికి ఎవరూ చూపించలేదు. దీనికి ఎండీ డాక్టరే రానక్కర్లేదు. బీపీ మిషన్, గ్లూకోమీటర్, గోలీలు పట్టుకుని పదిహేను రోజులకోసారి గడప తొక్కే శిక్షణ ఉన్న మనిషి చాలు. ఆ మనిషి రాకపోతే ఎవరొస్తారో అందరికీ తెలుసు, సెలైన్ ఎక్కించే ఆర్‌ఎంపీ.

ఈ పనిని పారామెడికల్ సిబ్బందికి అధికారికంగా అప్పగించాలని మేము అడుగుతున్నాం. ఏఎన్‌ఎంలు, మల్టీపర్పస్ వర్కర్లు, ఉపకేంద్రాల్లోని సీహెచ్‌ఓలు (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు) మనకున్నారు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం 2011లోనే చట్టం చేసి, అంబులెన్సుల్లో పనిచేసే పారామెడిక్‌లకు ఇళ్లకు వెళ్లి రోగుల్ని చూసుకునే బాధ్యత కూడా ఇచ్చింది.

డాక్టర్ కానివాళ్ల చేతిలో మందులు పెడతారా అని భయపడేవాళ్లున్నారు. భయం సహజమే, కానీ దానికి జవాబు మన జిల్లాలోనే ఉంది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల సెర్చ్ సంస్థ 1990ల్లో గడ్చిరోలి జిల్లాలోని 39 ఊళ్లలో, పెద్ద చదువులు లేని ఊరి ఆడవాళ్లకే పసిపిల్లల్ని కాపాడడం నేర్పింది. బిడ్డను తూకం వేయడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందకపోతే అందేలా చేయడం మాత్రమే కాదు, ఒంట్లో ఇన్ఫెక్షన్ పాకిందని గుర్తుపట్టి ఇంట్లోనే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా వాళ్లే చేశారు. ఆ సేవలు లేని ఊళ్లతో పోలిస్తే మూడో ఏడుకల్లా నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. 2011లో కేంద్రం ఆశా కార్యకర్తలతో ఇంటి దగ్గరే పసిపిల్లల సంరక్షణను దేశమంతా మొదలుపెట్టింది. ఊరి తల్లులు అంత నేర్చుకుని చేసి చూపించినప్పుడు, ఏళ్ల తరబడి చదివి శిక్షణ పొందిన సిబ్బంది బీపీ చూసి, డాక్టర్ రాసిన గోలీలే మళ్లీ ఇచ్చి, పుండు కడిగి కట్టు కట్టలేరా?

అలాగని ఆశా తాయి (ఆశా అక్క) నెత్తిన ఇంకో రిజిస్టరు పెడితే ఒప్పుకోం. ఆమె ఇప్పటికే మోయలేనంత మోస్తోంది. కొత్త పని ఇస్తే దానికి జీతం, పెట్రోలు ఖర్చు ఇవ్వాలి. ఏ మందు ఎంతవరకు ఇవ్వొచ్చో, ఎప్పుడు ఆపి దవాఖానకు పంపాలో రాతపూర్వకంగా ఉండాలి, ఫోన్ చేస్తే ఎత్తే డాక్టర్ ఒకరు ఉండాలి. ఏదైనా తేడా వస్తే కిందిస్థాయి ఉద్యోగిని బలిపశువును చేసే పద్ధతి మానాలి, లేకపోతే ఎవరు మాత్రం ధైర్యంగా చేస్తారు! అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు జాతీయ చట్టమే చేసింది, ఆ గుర్తింపు మన ఊళ్లలోనూ కనబడాలి.

భాష సంగతీ ఉంది. ఇక్కడి ముసలమ్మ తన నొప్పిని తెలుగులోనో గోండీలోనో చెబుతుంది, మరాఠీలో కాదు. కాబట్టి ఈ తాలూకా పిల్లలకే శిక్షణనిచ్చి ఇక్కడే ఉద్యోగాలివ్వండి.

వచ్చే వానాకాలం లోపే సిరోంచలో ఈ పని మొదలవ్వాలి. వాగులు పొంగి దారులు తెగిపోయే ఆ నెలలకు సరిపడా బీపీ, షుగర్ గోలీలు ముందే ఇళ్లకు చేరాలి.