మహిళా నేతల నిర్ణయాల గురించి ఎప్పుడు మాట్లాడుకుంటాం?

1995 డిసెంబర్ 1న ఒంగోలు ఎంపీ మాగుంట సుబ్బరామిరెడ్డిని ఒంగోలులోనే నక్సలైట్లు కాల్చి చంపారు. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆయన భార్య పార్వతమ్మ అదే స్థానంలో నిలబడి గెలిచారు. తర్వాత కావలి ఎమ్మెల్యే కూడా అయ్యారు. మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లు నలుగురు ఇక్కడ అమెరికాలో ఏ ఇంట్లో భోజనానికి కలిసినా, రాజకీయాల మాట వస్తే ఆ హత్య గురించి ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎంపీగా పార్వతమ్మ గారు ఢిల్లీలో ఏం మాట్లాడారు, జిల్లాకు ఏం అడిగారు అంటే మాత్రం మాట అక్కడితో ఆగిపోతుంది. అది ఆమె లోపం కాదు. భర్త పోయిన మనిషిగా ఆమె మీద జాలిపడి ఓటేశాం, ఆ తర్వాత ఆమె పని వైపు చూడటం మానేశాం.

2007 సెప్టెంబర్‌లో నెల్లూరు జిల్లాలో నేదురుమల్లి దంపతుల కాన్వాయ్‌ను మావోయిస్టులు మందుపాతరతో పేల్చినప్పుడూ ఇంతే. ఇద్దరూ బయటపడ్డారు, వెంట ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రోజు మాజీ ముఖ్యమంత్రి జనార్దనరెడ్డి గారు. మంత్రి పదవిలో ఉన్నది రాజ్యలక్ష్మి గారు. అయినా మన వాళ్ల నోట అది ఇప్పటికీ జనార్దనరెడ్డి గారి మీద జరిగిన దాడే.

ఈ చూపు మన రెండు జిల్లాలదే కాదు. 1959లో శ్రీలంక ప్రధాని బండారనాయకేను ఒక బౌద్ధ భిక్షువు కాల్చి చంపాడు. 1960లో ఆయన భార్య సిరిమావో ప్రపంచంలోనే తొలి మహిళా ప్రధాని అయ్యారు. ఏడ్చి ఓట్లు అడుక్కునే వితంతువని ప్రత్యర్థులు ఆమెను ఎగతాళి చేశారు. రెండున్నరేళ్లకే, 1962 డిసెంబర్‌లో, చైనాతో మన యుద్ధం ఆగిన కొద్ది వారాలకు, ఆమె ఆరు అలీన దేశాలను కొలంబోలో కూర్చోబెట్టి రాజీ ప్రతిపాదనలు తయారు చేయించారు. వాటిని పట్టుకుని బీజింగ్‌కూ ఢిల్లీకీ స్వయంగా వెళ్లారు. ఇందిరతో ఎంత స్నేహం ఉన్నా 1971లో పాకిస్తాన్ విమానాలు కొలంబోలో ఇంధనం నింపుకోవడానికి ఒప్పుకున్నారు. 1974లో అదే ఇందిరతో కచ్చతీవు దీవి శ్రీలంకకు దక్కేలా ఒప్పందం కుదుర్చుకున్నారు. రామనాథపురం జాలర్లు ఇప్పటికీ ఆ ఒప్పందం మీద కోపంగానే ఉన్నారు. సిరిమావోతో ఏకీభవించనక్కర్లేదు. కానీ ఆమెతో వాదించాలంటే ముందు ఇవన్నీ తెలియాలి కదా.

ఇందిర విషయంలో మనం ఇంకా పెద్ద అన్యాయం చేస్తున్నామని నాకు అనిపిస్తుంది. 1984 అక్టోబర్ 31న సొంత అంగరక్షకులే ఆమెను కాల్చేశారు. ఆ ఉదయం గురించి మనకు నిమిషాలతో సహా తెలుసు. 1971లో ఆమె ఏం చేశారో అంత వివరంగా ఎంతమందికి తెలుసు? తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చిపడ్డారు. వెంటనే సైన్యాన్ని పంపమని ఒత్తిడి వచ్చింది. ఆమె తొందరపడలేదు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత యూరప్, అమెరికా తిరిగి తన వాదన వినిపించారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ తమలో తాము ఆమెను ఎంత నీచంగా తిట్టుకున్నారో వైట్‌హౌస్ టేపుల్లో బయటపడింది. మనం పన్నులు కట్టే దేశపు అధ్యక్షుడి మాటలవి. అమెరికా నౌకాదళం సెవెంత్ ఫ్లీట్ బంగాళాఖాతం వైపు బయలుదేరినా ఆమె వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది.

అదే మనిషి 1984 జూన్‌లో స్వర్ణదేవాలయంలోకి సైన్యాన్ని పంపారు. అది చాలా పెద్ద తప్పని నా అభిప్రాయం. ఆమె హత్య తర్వాత ఒక్క ఢిల్లీలోనే ప్రభుత్వ లెక్క ప్రకారం 2,733 మంది సిక్కులను చంపేశారు. కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో మన పక్కిళ్లలో ఉండే సిక్కు కుటుంబాలు ఆ నెలను మర్చిపోలేదు. ఫొటోకు దండ వేసి అమ్మా అని దండం పెడితే ఈ రెండు సంగతులూ మాటల్లోకి రావు, 1971 గొప్పతనమూ రాదు, 1984 తప్పూ రాదు.

దుఃఖాన్నీ తీర్పునీ వేరు చేయడం మనకు చేతకాదని మాత్రం ఎవరూ అనకండి. 1984 డిసెంబర్ ఎన్నికల్లో దేశమంతా సానుభూతి గాలి వీచి కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా సీట్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో 30 తెలుగుదేశానికి వెళ్లాయి. నెల్లూరు కూడా వాటిలో ఒకటి. ఇందిర పోయినందుకు ఇళ్లలో ఏడ్చిన మనుషులే, ఆ ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని పడగొట్టిన పద్ధతి మీద ఓటుతో జవాబు చెప్పారు. మా పెద్దవాళ్లు చేసిన ఆ పనికి నేను గర్వపడతాను.

1984 అక్టోబర్ 12న బ్రైటన్‌లో మార్గరెట్ థాచర్ ఉన్న హోటల్‌లో బాంబు పేలింది. ఐదుగురు చనిపోయారు, ఆమె బతికారు. అదే రోజు పార్టీ మహాసభలో ప్రసంగించారు. మూడు వారాలకు ఇందిర అంత్యక్రియలకు ఢిల్లీ వచ్చారు. థాచర్ పేరెత్తితే గనికార్మికుల సమ్మె, ఫాక్‌లాండ్స్ యుద్ధం, ప్రైవేటీకరణ గురించే జనం తిడతారు లేదా మెచ్చుకుంటారు. ఆమె బతికింది కాబట్టి ఆమె పని మీద చర్చ నడిచింది.

బేనజీర్ భుట్టోకు ఆ అవకాశం దక్కలేదు. 2007 డిసెంబర్ 27న రావల్పిండిలో ఆమెను చంపేశారు. ఆమె గురించి చర్చ మొదలైతే ఎవరు చంపించారన్న దగ్గరే తిరుగుతుంది. 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో, ఆమె, రాజీవ్ గాంధీ ప్రధానులుగా ఉండగా, ఒకరి అణు కేంద్రాల మీద ఇంకొకరు దాడి చేయకూడదన్న ఒప్పందం కుదిరింది. చెన్నై దాటాక ఉన్న కల్పాక్కం లాంటి విద్యుత్ కేంద్రాలు దాని పరిధిలోకి వస్తాయి. 1992 నుంచి ఏటా జనవరి 1న రెండు దేశాలూ ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ జరిగింది, ముంబై దాడులు జరిగాయి, అయినా ఆగలేదు. ఒకరి తండ్రిని ఉరితీశారు, ఇంకొకరి తల్లిని కాల్చారు. చివరికి ఇద్దరూ హత్యకే గురయ్యారు. వాళ్లు చేసిన ఆ పని ఇప్పటికీ మన తీరానికి కొంత కాపలా కాస్తోంది, దాని ఊసు మన పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

ఇక్కడి మన తెలుగు సంఘాల్లో రాజకీయ వేదిక అంటే వేదిక నిండా మగవాళ్లు. ఆడవాళ్లకు విడిగా మహిళా విభాగం, అందులో ముగ్గులు, వంటలు, చీరల ప్రదర్శన. ముగ్గుల మీద నాకు ఏ కోపమూ లేదు. హెచ్‌1బీ వీసా టెన్షన్‌తో నిద్రపట్టని ఆడపిల్లలు మన సభ్యుల్లో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. విదేశాంగ విధానం వాళ్ల బతుకుల్లోకే వచ్చి కూర్చుంది. దాని గురించి వాళ్లను అడిగేవాళ్లే లేరు.

వచ్చే సభల్లో ఒక పూట దీనికి ఇవ్వమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటిసారికి 1988 ఒప్పందాన్నే తీసుకుందాం. మాట్లాడదగిన మహిళలు మనలోనే ఉన్నారు. వలస చట్టాల లాయర్లున్నారు, అంతర్జాతీయ వ్యవహారాలు చదివిన పిల్లలున్నారు. నివాళి ప్రసంగం వద్దని, ఆ నిర్ణయాల్లో ఏది సరైనదో ఏది కాదో చెప్పమని ముందే వాళ్లకు రాసి పంపాలి.